కిటికీ నీళ్లు

ఎర్విన్ కోచిస్ పేరును ఆ విశ్వవిద్యాలయం ముప్పై ఒక్క ఏళ్లలో కనీసం పదకొండు రకాలుగా తప్పు రాసింది. జీతం కాగితం మీద ఒకలా, తలుపు మీది పలకలో ఇంకోలా, పాతికేళ్ల సేవకు మెచ్చి ఇచ్చిన గోడగడియారం మీద అసలు ఎవరికీ అర్థంకానట్టుగా. అది హంగేరీ నుంచి వచ్చిన తాతగారి పేరు. ఆయన ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున గాజు కార్ఖానాలో పనికి కుదిరిన నాటి నుంచి ఆ ఇంటివాళ్లకు ఈ అక్షరాల బాధ తప్పలేదు. ఎర్విన్ పట్టించుకునేవాడు కాదు. పట్టించుకునేది అతని భార్య డొలోరెస్. ఆ గడియారాన్ని గోడకు తగిలించనిస్తేనా!

"ఎవరిదో పేరున్న గడియారం మనింట్లో ఎందుకు? కింద గదిలో పడెయ్. ఆ పేరుగలవాడు వచ్చి అడిగితే ఇచ్చేద్దాం" అంది.

ఎర్విన్ గాజు ఊదేవాడు. రసాయనశాస్త్ర భవనం నేలమాళిగలో అతని మంట, అతని బల్ల. గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూ, అది తేనెలా సాగే వేళకు రబ్బరు గొట్టంలోంచి ఇంత ఊపిరి వదిలి, ప్రపంచంలో ఏ దుకాణంలోనూ దొరకని బుడ్లు, గొట్టాలు, మెలికలు చేసేవాడు. పై అంతస్తుల్లోని డాక్టర్లు కాగితం మీద గీసి తెచ్చిన వంకరటింకర బొమ్మను కళ్లజోడు పైకెత్తి చూసి, "మీరడిగేది ఇది, మీకు కావలసింది ఇది కాదు" అని సరిదిద్ది మరీ చేసిచ్చేవాడు. వాళ్లు తీసుకెళ్లి ప్రయోగాలు చేసేవాళ్లు, పత్రాలు అచ్చు వేయించుకునేవాళ్లు.

అచ్చయిన ప్రతి పత్రానికీ ఒక కాపీ అడిగి ఇంటికి తెచ్చేవాడు ఎర్విన్. డొలోరెస్ దాన్ని తోక నుంచి చదివేది. చివర్లో కృతజ్ఞతలని చిన్న అక్షరాల్లో ఉంటుంది కదా, భూతద్దం పెట్టుకుని అదొక్కటే చదివేది. డబ్బిచ్చిన ప్రభుత్వ శాఖ పేరు, గ్రాంటు నంబరు తప్పకుండా ఉండేవి; అవి లేకపోతే వాషింగ్టన్ ఊరుకోదు. యంత్రాలు అరువిచ్చినవాళ్ల పేర్లు ఉండేవి. ఒకాయన తనకు తోడుగా రాత్రుళ్లు మేలుకున్న కుక్కక్కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఎర్విన్ పేరు మాత్రం ఎన్నడూ లేదు.

"కుక్కపాటి చెయ్యలేదు నువ్వు" అనేది డొలోరెస్, కాగితం మడిచి.

"కుక్క పేరు రాయడం తేలిక, డాలీ. మనది రాయాలంటే వాళ్లకి చెయ్యి తిరగదు" అనేవాడు. నవ్వేవాడు గానీ, పత్రం తెచ్చిన ప్రతిసారీ ఆమె చదివేదాకా కోటు విప్పేవాడు కాదు. మనిషికి ఆశ ఉందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక పరిశోధన కేంద్రం సంగతి. దాని పూర్తి పేరు చెప్పాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి కాబట్టి అందరూ కేంద్రం అనే అనేవారు. నాలుగు విశ్వవిద్యాలయాలు, ఒక ప్రభుత్వ ప్రయోగశాల, అరవైమంది మనుషులు. అందరినీ ఒక తాటి మీదకు తెచ్చి వాషింగ్టన్ నాలుగేళ్లకు గ్రాంటు ఇచ్చింది. పెద్ద తలకాయ ప్రొఫెసర్ ఫిలిప్ వార్డెల్. వాళ్ల పట్టుదలంతా ఒక్కటే: గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తీయాలి. దాంతోనే కదా ఎరువు తయారవుతుంది. ఇప్పుడు కార్ఖానాల్లో దానికి కొండంత మంట, భయంకరమైన ఒత్తిడి కావాలి. అవేవీ లేకుండా, మామూలు గదిలో, కాస్తంత కరెంటుతో చెయ్యగలమా అని. ఇది మౌలిక పరిశోధన. అంటే, రేపు పనికొస్తుందా అని ఎవరూ అడక్కూడని పరిశోధన.

కేంద్రం రాకముందు ఎర్విన్ గాజు గదిని మూసేద్దామనుకున్నారు. గాజు సామాను బయట కొనుక్కోవచ్చు కదా అన్నాడు లెక్కలు చూసే ఆయనెవరో. కేంద్రం వచ్చి ఆ గదిని బతికించింది. ఎర్విన్ జీతంలో ముప్పాతిక భాగం అక్కడి నుంచే. నాలుగేళ్లు గడిచి ఇప్పుడు పొడిగింపు అడుగుతున్నారు. పొడిగింపు వస్తే గది ఉంటుంది, మంట ఉంటుంది, ఇంకో రెండేళ్లకు పూర్తి పింఛనుతో ఎర్విన్ దర్జాగా దిగిపోతాడు. రాకపోతే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

కేంద్రం కోసం అతను చేసేవి జంటబుడ్లు. రెండు బుడ్లు, వాటిని కలిపే పొట్టి గొట్టం, గొట్టం నడుమ సన్నని రంధ్రాలున్న గాజు బిళ్ళ. చేసిన ప్రతి బుడ్డినీ చివర్లో కిటికీ నీళ్లతో కడిగి ఇవ్వడం అతని అలవాటు. వాళ్లమ్మ ఇలోనా వీధిలోని దుకాణాల అద్దాలు తుడిచి పిల్లల్ని పెంచింది. ఆవిడ కలిపే నీళ్లను ఆవిడే కిటికీ నీళ్లంది. కోడలికి నేర్పింది. డొలోరెస్ పదిహేను రోజులకోసారి ఇంట్లో కలిపి, పాత సిరప్ సీసాలో పోసి ఇచ్చేది. అందులో వెనిగర్ వాసన తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఎర్విన్ ఆ నీళ్లతో బుడ్డిని లోపలా బయటా తుడిచి, బిళ్ళ రంధ్రాల్లో గాజు ధూళి ఉండిపోకూడదని వాటిగుండా కూడా లాగి, మంచినీళ్లతో జాడించి ఆరబెట్టేవాడు. వేలిముద్ర మిగిలిన బుడ్డి ఆ గది గడప దాటలేదు.

ప్రయోగాలు బ్రహ్మాండంగా సాగాయి. నాలుగేళ్లలో ఏడు పత్రాలు. పైన ఆ బుడ్లతో కుస్తీ పట్టేది రెనాటా. టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి వచ్చిన పిల్ల. డాక్టరేటుకు ఐదో ఏడు. ఒహాయో చలికి ఓర్చుకోలేక, మంట దగ్గర వెచ్చగా ఉంటుందని కిందకు వచ్చి కూర్చునేది.

"మీ చేతిలో ఏదో ఉంది, ఎర్విన్" అనేది. "మీ కొత్త బుడ్లో పెడితే ఎంత బాగా వస్తుందో! వాడగా వాడగా తగ్గిపోతుంది. ముప్పైసార్లయ్యాక బుడ్డికి ముసలితనం వచ్చేస్తుంది."

"బుడ్డికి ముప్పైసార్లకి. నాకు ముప్పై ఏళ్లకి. ఏదో దానికంటే నేనే నయం" అనేవాడు ఎర్విన్.

ఇలాంటి ప్రయోగాలకు ఒక పద్ధతుంది. నైట్రోజన్ బదులు ఇంకో వాయువు పెట్టి, ఏమీ రాకూడని చోట నిజంగానే ఏమీ రావడం లేదని చూసుకోవాలి. అది వాళ్లు తప్పకుండా చూసుకునేవారు. కాకపోతే, ఏమీ రాని పనికి ఎర్విన్ కొత్త బుడ్లు పాడుచేయడం ఎందుకని ముసలి బుడ్లు వాడేవారు. అరవైమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ ఇందులో తప్పు కనబడలేదు. పొదుపు మంచిదే, ఏం చేస్తాం, ఈ పొదుపే కొంప ముంచింది.

ఫిబ్రవరిలో డొలోరెస్ వాకిట్లో మంచు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. రెండు వారాల్లో వాషింగ్టన్ నుంచి పరిశీలకుల బృందం రాబోతోంది. వాళ్ల ముందు పెట్టడానికి ఆరు కొత్త జంటబుడ్లు కావాలని రెనాటా అడిగింది. ఆదివారం పొద్దున్న సీసా చూస్తే అడుగంటిపోయింది. డొలోరెస్ కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుర్చీలోంచి చెబుతుంటే, ఎర్విన్ జన్మలో మొదటిసారి కిటికీ నీళ్లు కలపబోయాడు.

"సింకు కింద చూడు. తెల్ల డబ్బా. రెండు గ్లాసులు పొయ్యి. తర్వాత వెనిగరు, వాసన పోయేదాకా."

"ఏం వాసన?"

"మూత తీస్తే నీకే తెలుస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకోకు."

మూత తీశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా తిప్పి పేరు చదివాడు. ఎర్విన్‌కు అమ్మోనియా అంటే ఏమిటో తెలియక కాదు. నాలుగేళ్లుగా ఆ మాట చెవుల్లో మోగుతూనే ఉంది. తెలియనిది కిటికీ నీళ్లంటే ఏమిటో. అమ్మ చెప్పిన పేరే భార్యా చెప్పింది, అదే అతనూ అనుకున్నాడు. ఆ పేరు విప్పి లోపల ఏముందో చూడాలని ఎవరికి తోస్తుంది?

"ఏంటలా నిలబడిపోయావ్?" అంది డొలోరెస్.

అతను డబ్బా అలాగే పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. పైనున్నవాళ్లు గాలిలోంచి తీశామంటున్నది గాలిలోంచి వచ్చింది కాదేమోననీ, ఈ వంటింట్లోంచి, ఆ బిళ్ళ రంధ్రాల్లో దాక్కుని వెళ్లిందేమోననీ. వెనిగరు వాసనే చంపుతుంది, సరుకు నీళ్లలోనే ఉంటుంది. వాళ్లు కొలిచేది చీమ తలకాయంత కూడా ఉండదు, దానికి ఈ తడి చాలు. అందుకే కొత్త బుడ్డిలో బాగా వస్తోంది. అందుకే ముప్పైసార్లు వాడేసరికి కొట్టుకుపోయి తగ్గిపోతోంది.

బయట రోడ్డు మీద మంచు తోసే బండి వెళ్లిపోయింది.

"అంటే, నేను కలిపిన నీళ్లా?"

"అమ్మ కలిపిన నీళ్లు. నువ్వేం చేస్తావ్."

"నోరు మూసుకో" అంది. తిట్టు కాదు, సలహా. "ఎవరడిగారు నిన్ను? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ముప్పై ఏళ్లు ఆ కాగితాలు తెచ్చావ్. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నీ పేరు రాశాడా? మంచి జరిగితే నీది కాదట. చెడు మటుకు నీదెలా అవుతుంది?"

ఎర్విన్ డబ్బా మూత బిగించి సింకు కింద పెట్టేశాడు.

సోమవారం వెళ్లి అతను చేసిన పని, నా దృష్టిలో, చెప్పడం కంటే, దాచడం కంటే కూడా అధ్వాన్నం. నోరు విప్పలేదు. కిటికీ నీళ్లూ ముట్టుకోలేదు. బుడ్లను ఆమ్లంతో, మరిగిన నీళ్లతో కడిగి, మూడు పైకి పంపాడు. తను చెడు చేయడం మానేశాడు కాబట్టి ఇక తన పాపం ఏమీ లేదని సమాధానపడ్డాడు. పిరికివాడు కూడా నిజాయితీపరుడిలా నిద్రపోవడానికి ఒక దారి వెతుక్కుంటాడు. నిద్ర మాత్రం పట్టలేదు.

పైన రెనాటాకు ఏమీ రావడం మానేసింది. తీగలు మార్చింది, మందులు మార్చింది, మళ్లీ మొదటి నుంచి కట్టింది. సున్నా. వారం తిరిగేసరికి మనిషి సగమైపోయింది. శుక్రవారం మధ్యాహ్నం కిందకు వచ్చి మంట దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఎర్విన్ తన భోజనం డబ్బాలోంచి చికెన్ పాప్రికాష్, వాళ్ల హంగేరీ కోడికూర, ముందు పెడితే ముట్టుకోలేదు.

"నా చేతుల్లోనే ఏదో తప్పుంది, ఎర్విన్. బుడ్లు కొత్తవి, మందులు కొత్తవి, తీగలు కొత్తవి. మార్చనిది నన్నొక్కదాన్నే. వార్డెల్ గారు పైకి ఏమీ అనలేదు. 'కాస్త నిద్రపో' అన్నారు. అంటే నేను చెడగొడుతున్నాననేగా? నాలుగు యూనివర్సిటీల వాళ్లు నా మీద ఆధారపడి కూర్చున్నారు. మా అమ్మకి ఫోన్ చేసి మానేసి వచ్చేస్తానని చెప్పేశాను."

ఎర్విన్ మంట ఆపేశాడు. పని వేళలో అతను మంట ఆపడం ఆ గదిలో ఎవరూ చూడలేదు.

"నీ చేతులు మంచివే, అమ్మాయ్" అన్నాడు. "చెడ్డవి నావి."

చెప్పాడు. సంచిలోంచి సిరప్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు, అడుగున ఇంకా రెండు చుక్కలున్నాయి. రెనాటా దాన్ని వెలుగులో పెట్టి చూసింది. నవ్వు లాంటిదేదో వచ్చి ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

"ఆదివారం నుంచి."

"ఐదు రోజులు." ఆ మాట ఆమె మెల్లిగానే అంది. "ఐదు రోజులు నేను పిచ్చిదాన్నైపోతుంటే, పైకి బుడ్లు పంపుతూ కూర్చున్నారా?"

ఎర్విన్ తల వంచుకున్నాడు. ఆమె మిగిలిన మూడు బుడ్లలో ఒకటి తీసి అతని ముందు పెట్టింది. "కడగండి. ఎప్పుడూ కడిగినట్టే కడగండి" అంది. ఆ చుక్కల్లో నీళ్లు కలిపి, అతను ముప్పై ఏళ్లుగా కడిగినట్టే కడిగాడు. ఆమె దాన్ని పైకి తీసుకెళ్లి, నైట్రోజన్ లేకుండా, ఏమీ రాకూడని వాయువు పెట్టి నడిపింది. సాయంత్రానికి వచ్చింది. పత్రాల్లో అచ్చయినంతా వచ్చింది, ఇంకాస్త ఎక్కువే వచ్చింది.

వార్డెల్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. తన గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా, ఎర్విన్?"

"మా ఆవిడకి."

"ఆవిడేమంది?"

"నోరు మూసుకోమంది."

"తెలివైన మనిషి" అన్నాడు వార్డెల్. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. "అరవైమంది. నాలుగేళ్లు. ఒక సిరప్ సీసా. పరిశీలకులు వచ్చేది వచ్చే గురువారం. వాళ్లొచ్చి వెళ్లాక చెప్పినా నిజం నిజమే కదా?"

ఆ ప్రశ్న వాళ్లను అడిగింది కాదు. ఎర్విన్ మాత్రం, తనను తాను కూడా ఆశ్చర్యపరుచుకుంటూ, "నేనూ అలాగే అనుకున్నా ప్రొఫెసర్ గారూ, ఐదు రోజులు. ఆ ఐదు రోజులు ఈ పిల్ల తిండి మానేసింది" అన్నాడు.

వార్డెల్ రెనాటా వైపు చూశాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

గురువారం పరిశీలకులు ఐదుగురు వచ్చారు. మొదటి మాటగా వార్డెల్ తన నోటితోనే చెప్పాడు. వాళ్లు మర్యాదగా విన్నారు, రాసుకున్నారు, మీ నిజాయితీ అరుదైనదన్నారు. మధ్యాహ్నం టర్కీ శాండ్‌విచ్‌లు తిని విమానాశ్రయానికి వెళ్లిపోయారు. జూన్‌లో ఉత్తరం వచ్చింది. నిజాయితీని అందులో కూడా రెండుసార్లు మెచ్చుకున్నారు. పొడిగింపు లేదు.

కాకపోతే, ఆ లోకంలో ఖర్చులేని పొడిగింపని ఒకటుంది. కొత్త డబ్బు రాదు. పాతది ఏమైనా మిగిలితే అది తింటూ కొన్నాళ్లు తలుపు తెరిచి ఉంచుకోవచ్చు. కేంద్రానికి మూడు నెలలు అలా ఇచ్చారు. అది విని డొలోరెస్, "మనకీ అదేగా ఇచ్చింది దేవుడు, పెళ్లైన దగ్గర్నుంచీ" అంది. ఎర్విన్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

రెనాటా డాక్టరేటు ఆపేసి, చిన్న పట్టాతో సరిపెట్టుకుని ఎల్ పాసో వెళ్లిపోయింది. వెళ్లే ముందు కిందకు వచ్చింది. వాళ్ల ఊరి ఎడారిలో మొలిచేలాంటి చిన్న ముళ్లచెట్టును అతను గాజుతో ఊది పెట్టి ఇస్తే తీసుకుంది. "మీ మీద కోపం లేదనను, ఎర్విన్. కానీ చెప్పారు" అంది. కౌగిలించుకోలేదు. ఆ మెట్లెక్కి వెళ్లిపోయిన పిల్ల నుంచి మళ్లీ ఒక్క ముక్క ఉత్తరం లేదు. చేసిన దానికి ఆ మాత్రం శిక్ష ఉండాలనుకున్నాడు ఎర్విన్.

సెప్టెంబరు ఆఖరున గాజు గది మూశారు. గాజు తిప్పే యంత్రాన్ని వేరే రాష్ట్రం వాళ్లెవరో కొనుక్కుపోయారు. తలుపు మీది పలక విప్పుతున్న కుర్రాడు, "ఈ పేరెలా పలుకుతారండీ?" అని అడిగాడు. "పలకక్కర్లేదులే. విప్పెయ్" అన్నాడు ఎర్విన్.

నవంబరులో వార్డెల్ దగ్గర్నుంచి పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల ఒకే ఒక కాగితం. ఏడు పత్రాల్లో మొదటిదీ పెద్దదీ వెనక్కి తీసుకుంటున్నామని పత్రికలో వేసిన ప్రకటన. ఎర్విన్ కోటు విప్పలేదు. డొలోరెస్‌కు చెయ్యి అతుక్కుంది గానీ భూతద్దం పట్టుకుంటే ఇంకా వణుకుతోంది. అలవాటు ప్రకారం తోక నుంచి మొదలుపెట్టి పైకి వినబడేలా చదివింది.

"'మేము కొలిచిన అమ్మోనియా గాలి నుంచి కాక, పాత్రలను కడిగిన ద్రవం నుంచి వచ్చినదని తేలింది. ఈ విషయాన్ని మా దృష్టికి తెచ్చిన గాజు నిపుణుడు ఎర్విన్ కోచిస్‌కు మా కృతజ్ఞతలు.'"

పొయ్యి మీద క్యాబేజీ ఉడుకుతోంది. ఆమె భూతద్దాన్ని మళ్లీ ఆ పేరు మీదికి తెచ్చి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి జరిపింది. చివరి అక్షరం దాకా వెళ్లింది.

"అక్షరం తప్పు లేదు" అంది.

"చూడనీ."

"ఏం చూస్తావ్, ఉన్నది ఉన్నట్టే ఉంది." "ఇది మాత్రం మనదేనయ్యా, ఎర్విన్. ఎవరొచ్చి అడిగినా ఇవ్వక్కర్లేదు."

కాగితాన్ని తిరిగి మడిచి, కింద గదికి తీసుకెళ్లి, ఎవరిదో పేరున్న ఆ గడియారం పక్కన పెట్టి పైకి వచ్చింది. అప్పుడు ఎర్విన్ కోటు విప్పాడు.